క్వారీ బెల్లం

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు రేవతి నమస్కారం చేసి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, చిట్టి, అమ్మ, నాయన ఎలా ఉన్నారు? ఎప్పటిలా ఊరికే అడగడం లేదు, నిజం రాయి. ఫోనులో మాట్లాడదామంటే మన ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది, అమ్మా నాయనా వింటారు. అందుకే ఈ ఉత్తరం. నువ్వొక్కడివే చదువుకో.

నాకేమీ కాలేదు, భయపడొద్దు. స్కాలర్‌షిప్ సక్రమంగా వస్తోంది, పల్లెటూరి పిల్లలకిచ్చేది కాబట్టి ఫీజు, హాస్టలు, మెస్సు అన్నీ అందులోనే గడిచిపోతున్నాయి. ఈ జార్ఖండ్ చలికి వదిన ఇచ్చిన రగ్గు చాలక వార్డెనమ్మ ఇంకొకటి ఇచ్చింది. కూరలన్నీ ఆవనూనెతోనే. ముద్ద నోట్లో పెడితే ఘాటు ముక్కులోంచి వస్తుంది. అమ్మ చేతి సంగటి, చెనిక్కాయల చట్నీ తలచుకుని తలచుకుని తింటున్నాను. మైనింగ్ ఇంజనీరింగ్‌లో ఆడపిల్లలం కొద్దిమందిమే. మొదట్లో హిందీ ఒక్క ముక్క రాక మూగదానిలా కూర్చున్నాను, ఇప్పుడు పర్వాలేదు. నిజంగా బాగున్నాను అన్నా.

పోయిన వారం గనుల్లో లేచే దుమ్ము గురించి పాఠం జరిగింది. రాయి తొలిచేవాళ్లు దుమ్ము నుంచి తమను ఎలా కాపాడుకుంటారని సారు అడిగారు. నాకు తెలుసు కదా! క్వారీ మనిషి కూతుర్ని, క్వారీ మనిషి చెల్లెల్ని. ఈ క్లాసులో మొట్టమొదటిసారి చెయ్యెత్తాను. లేచి నిలబడి గొప్పగా చెప్పాను. "సాయంత్రం పని దిగగానే బెల్లం తింటారు సార్. మేస్త్రీయే ఇస్తాడు. దుమ్మంతా బెల్లంతోపాటు కడుపులోకి జారిపోతుంది."

క్లాసంతా ఘొల్లుమంది. సారు మాత్రం నవ్వలేదు. మీ ఇంట్లో రాయి తొలిచేది ఎవరని అడిగారు. "మా నాయన సార్. ఇప్పుడు మా అన్న" అన్నాను. ఆయన తెర మీద ఒక ఎక్స్‌రే వేశారు.

అన్నా, అది మన నాయనదే అనుకున్నాను. జొన్నలు చల్లినట్టు అవే తెల్ల మచ్చలు! బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెండు దారులూ వేరు. ఆ రాతిపిండి అక్కడే కూర్చుని ఊపిరితిత్తులను గట్టిపరిచేస్తుందట. సిలికోసిస్ అంటారు. రాకుండా చూసుకోవాలే గాని, వచ్చాక పోగొట్టే మందు లేదట. ఇంత మాట ఇన్నేళ్లలో మనకు ఒక్కరూ చెప్పలేదేం? నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నాయనకు టీబీ అన్నారు. మాత్రలన్నీ మింగాడు, దగ్గు పోలేదు. మళ్లీ అవే మాత్రలిచ్చారు. ఆ డాక్టరు "బీడీ తాగుతావా" అని అడిగాడే గాని "ఏం పని చేస్తావు" అని ఒక్కసారీ అడగలేదు. ఇక అమ్మను ఆపేదెవరు? "నీ బీడీలే నిన్ను మింగినాయి, మమ్మల్ని గూడా మింగతాండాయి" అని తిట్టడమే. "బీడీ మానేసి ఎన్నేండ్లాయ మే, దగ్గు యాడికి పోయింది?" అని నాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. మనమూ అమ్మవైపే మాట్లాడాము.

ఆ తర్వాత మమ్మల్ని ఒక గనిలోకి తీసుకెళ్లారు. అక్కడ డ్రిల్లు వేసినంతసేపూ పైపుతో నీళ్లు పడుతూనే ఉన్నాయి. దుమ్ము లేవలేదు. పని దిగి వచ్చిన మనుషుల ఒంటి నిండా బురదే. మన నాయన పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా వస్తే, ఆయన వీపు మీద మనం వేలితో పేర్లు రాసి నవ్వుకునేవాళ్లం. ఒక్క నీళ్ల పైపు అన్నా! నీళ్ల ట్యాంకరు తెప్పించడానికి మనసొప్పని ఆ క్వారీ ఓనరు మేస్త్రీ చేత బెల్లం పంచుతాడా?

ఆ పాఠానికి ముందు ఆదివారం మాట్లాడుతూ మాట్లాడుతూ నువ్వు దగ్గొచ్చి ఫోను పక్కకు తీశావు. "ఏం ల్యా పాపా, జలుబు" అన్నావు. నేను నమ్మేశాను. ఇప్పుడు నమ్మను.

నీ కాళ్లు పట్టుకుంటాను, తిరుపతి పెద్దాసుపత్రికి వెళ్లు. ఇది ఎముక విరగడం కాదు, పుత్తూరు కట్టుతో పోవడానికి. నాయన ఎక్స్‌రేలు కూడా పట్టుకెళ్లు. డాక్టరు అడగకపోయినా "రాళ్లు తొలుస్తాను" అని ముందే చెప్పు. ఆ డ్రిల్లు దించెయ్యి. నగరిలో మగ్గాల పనికి రమ్మని వదిన వాళ్ల అన్న పిలుస్తూనే ఉన్నాడు కదా. నా చదువు ఆగిపోతుందని భయపడకు. నేను సరిగ్గా చదివినంతకాలం స్కాలర్‌షిప్ ఆగదు. ఇంటికి తక్కువ వస్తే తక్కువే తిందాం.

రేణిగుంటలో రైలు కదిలేముందు నా చేతిలో ఒక మూట పెట్టావు, గుర్తుందా? "గనిలోంచి బయటికి రాంగానే రోంత నోట్లో ఏసుకో పాపా, దుమ్ము పట్టదు" అన్నావు. నీకిచ్చిన బెల్లం నువ్వు తినకుండా నాకోసం దాచిపెట్టావని అప్పుడే అర్థమైంది. ఆ బెల్లం ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఆరోజు క్లాసు నుంచి వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. తినలేను, పారేయలేను.

నాయన పక్కన కూర్చుని "అది బీడీ దగ్గు కాదంట నాయనా" అని చెప్పు. అమ్మకు కూడా వినపడేలా చెప్పు. మందు లేదన్న మాట మాత్రం ఇద్దరికీ చెప్పకు. అమ్మకు నా నమస్కారాలు, వదినను అడిగానని చెప్పు, చిట్టికి ముద్దులు. నాయన దీవెన నా బదులు నువ్వే అందుకో. ఆయనను మాట్లాడించవద్దు, ఆయాసం వస్తుంది, చెయ్యెత్తితే చాలు.

నీ దీవెన మాత్రం ఉత్తరంలో పంపొద్దు. నేను ఇంజనీరునై రేణిగుంటలో దిగిన రోజు ఆ మాట నీ నోటితోనే వినాలి, మధ్యలో దగ్గు రాకుండా.

ఇట్లు,
నువ్వు చదివిస్తున్న నీ చెల్లెలు,
రేవతి