పర్మనెంట్ అల్లుడు

అమీన్‌పూర్,
ఆదివారం.

బొంతపల్లిలో ఉన్న మా రాములు మామకు, నీ మేనల్లుడూ కాబోయే అల్లుడూ అయిన రాకేష్ దండం పెట్టి రాసుకునేది.

ఫోన్లో చెప్తే నమ్మననీ, ఏదున్నా కాగితం మీద పెట్టి సంతకం చేయమనీ అన్నావు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఏటేటా "వచ్చే ఏడు నిన్ను పర్మనెంట్ చేస్తం" అని నోటిమాటగా చెప్తూనే, నువ్వు పని మానేసేదాకా నిన్ను కాంట్రాక్టు లేబర్‌గానే ఉంచాడు. అందుకే నీ పట్టుదలను నేను తప్పుపట్టను. ఇదిగో, రాసి ఇస్తున్నాను. ఇక్కడి అపార్ట్‌మెంట్ల జిమ్‌లో నన్ను పర్మనెంట్ ట్రైనర్‌గా తీసుకున్నారు. ఆర్డరు ఇచ్చారు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. నీలం చొక్కా మీద నా పేరు కూడా కుట్టించారు. శ్రావణంలో హర్షిణికీ నాకూ లగ్గం పెట్టుకోవచ్చు.

ఆడవాళ్ల బ్యాచ్‌కు కూడా ఒక ట్రైనర్ కోసం వెతుకుతున్నారు. మధ్యాహ్నం, మగవాళ్లను లోపలికి రానివ్వని వేళలో. కానీ అది కాంట్రాక్టు. జీతం ఉండదు, ఫీజులో వాటా మాత్రమే. పాపం, ఎక్కడా పని దొరకని ఆమె ఎవరో వస్తుంది.

ఇట్లు,
నీ పర్మనెంట్ అల్లుడు,
రాకేష్.

తా.క.: అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ పేరు బాపిరాజు గారు. ప్రభుత్వ ప్లాంటులో చేసి రిటైరైన కోస్తా మనిషి. ఆయనా పర్మనెంటే. మేమిద్దరం బాగా కలిసిపోయాం.

*

బొంతపల్లి.

అల్లుడు రాకేష్‌ను రాములు మామ సల్లగుండమని దీవించి రాయించునది.

నేను చెప్తున్న, హర్షిణి రాస్తున్నది. నా కండ్లకు అక్షరాలు ఆనుతలేవు. నీ ఉత్తరం గూడ బిడ్డనే చదివి వినిపించింది. పాణం నిమ్మళమైంది.

నీకు తెల్వదు గని, క్యాంటీన్ల పర్మనెంటోళ్లకు కుర్చీలుండేటియి, మేము షెడ్డు ఎనక గోడకు ఆనుకోని తినేటోళ్లం. దీపావళికి వాళ్లకు మిఠాయి డబ్బ, మాకు ఉత్త చేతులు. వాళ్లను చూసి కుళ్లుకున్న, దాపెట్టుడు ఏంది? గందుకే నా షరతు ఒక్కటే. నా ఇంట్ల ఒక్కలన్న పర్మనెంట్ ఉండాలె. కాంట్రాక్టు అన్న మాట నా గడప లోపటికి రావద్దు.

హర్షిణి గూడ వ్యాయామం కోర్సు చదివింది గద, అమీన్‌పూర్ల ఏదో బడిల డ్రిల్లు టీచర్ నౌకరి చూసుకుంటనంటున్నది. చూసుకోనీ అన్న.

నీ మేలు కోరే మామ,
రాములు (వేలిముద్ర కాదు, సంతకమే).

తా.క.: బావా, నాన్న చెప్పింది అక్కడితో అయిపోయింది. ఇది నా మాట. ఆ బాపిరాజు గారు ఏ వేళల్లో దొరుకుతారు? నా స్నేహితురాలు అడగమంది. ఎక్కడా పని దొరకనిదే. – హర్షిణి.

*

అమీన్‌పూర్.

మామకు, నిద్ర పట్టని అల్లుడు రాకేష్ రాసుకునేది.

కాంట్రాక్టు ట్రైనర్ వచ్చింది. ఆమె పేరు అడగడం కూడా నాకు నామోషీ. ఆడవాళ్లంతా "కోచ్ మేడమ్" అంటారు. ఆమె వచ్చే వేళకు నేను వెళ్లిపోతాను, నేను వచ్చే వేళకు ఆమె వెళ్లిపోతుంది. కానీ ఎక్కడ చూసినా ఆమె గుర్తులే. నేను వరసగా పేర్చిన డంబెల్స్ కిటికీ దగ్గరికి జరిపింది. సొంత కుర్చీ తెచ్చుకుంది. ఆమె పాటలే బాగున్నాయట, నావి పాత కాలంవట.

పొద్దున్నే షట్టర్ తీసేది నేను, మిషన్లు తుడిచేది నేను, నీళ్ల క్యాను ఎత్తేది నేను. ఆడవాళ్ల బ్యాచ్ అయ్యాక అద్దాలు ఆమెను తుడవమనండి అని బాపిరాజు గారితో అన్నాను. ఆయన నా భుజం తట్టి, "నీకైతే చెప్తే సరిపోతుంది బాబూ. ఆవిడ కాంట్రాక్టు కదా, అడగాలి. అడిగాక చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు," అన్నారు. పర్మనెంట్ అంటే ఇదని నాకెవరూ చెప్పలేదు మామా.

ఆయన భార్య కమలాకుమారి గారు ఊరి నుంచి తెప్పించిన పూతరేకులు ఆమెకు డబ్బా నిండా ఇచ్చారు. జిమ్‌లో పూతరేకులేమిటి? ఖాళీ డబ్బా పారేయడానికి నాకిచ్చారు.

ఇట్లు,
అద్దాలు తుడిచే అల్లుడు,
రాకేష్.

తా.క.: నీ ఉత్తరం రాసిన మర్నాడే మా వాచ్‌మన్ చేతికి అందింది. తపాలా ముద్ర కూడా లేదు. మీ పోస్టాఫీసు బాగుపడినట్టుంది.

*

బొంతపల్లి.

రాకేష్‌కు రాములు రాయించునది. అల్లుడు అనాల్నా వద్దా అని ఇంక ఆలోచన చేస్తున్న.

నీ ఉత్తరం నిండ ఆ కాంట్రాక్టు పిల్లనే ఉన్నది. ఏం తింటది, ఏం పాటలు వింటది, ఏడ కూసుంటది. నా బిడ్డ పేరు ఒక్క జాగల గూడ లేదు. అంతకుముందు ఉత్తరంల లగ్గం అన్నవు, ఇప్పుడు నిద్ర పడ్తలేదంటవు. పెండ్లి గావాల్సిన పిలగానికి నిద్ర ఎందుకు పట్టదో నాకు తెల్వదా?

హర్షిణి సదువుకుంట సదువుకుంట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు ఎగిరెగిరి పడ్డయి. నా బిడ్డ ఏడుపు ఆపుకుంటున్నదని నాకు సమజైంది. ఆ పిల్ల సంగతి తేల్చి రాయి. లేకుంటే లగ్గం మాట మర్చిపో.

రాములు.

తా.క.: ఆమె చూడ్డానికి ఎలా ఉంటుందో రాయలేదు బావా. నాన్న అడగమనలేదు, నాకే తెలుసుకోవాలనుంది. – హర్షిణి.

*

అమీన్‌పూర్.

మామకు, ఏ పాపం ఎరగని రాకేష్ చేతులు జోడించి రాసుకునేది.

ఒట్టు, ఆమె ముఖం నేనింతవరకు చూడలేదు. నాది ప్రేమ కాదు, కుళ్లు. నువ్వు పర్మనెంటోళ్లను చూసి కుళ్లుకున్నట్టే నేను ఆ కాంట్రాక్టును చూసి కుళ్లుకుంటున్నాను. ఇది నీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

మొన్న జిమ్ వార్షికోత్సవం చేశారు. ఆమెను వేదిక మీదికి పిలిచారు, ఆమె బయటి మనిషి కాబట్టి అతిథి అట. నేను సిబ్బంది కాబట్టి కుర్చీలు వేయాలట. వేశాను. నేనుండే సాయంత్రం పూట కదా, ఆమె రాలేదు. ఏదో పని ఉందని కబురు పంపింది. అప్పుడేం చేశారో తెలుసా? ఆమె ఖాళీ కుర్చీకి శాలువా కప్పి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్చీ వేసింది నేనే మామా. చప్పట్లు కూడా కొట్టాను.

మర్నాడే రాజీనామా ఇచ్చేసి, నన్నూ కాంట్రాక్టులో పెట్టుకోమన్నాను. బాపిరాజు గారు మొదటిసారి నాకు కుర్చీ చూపించి, కూర్చోండి అన్నారు.

నీ షరతు నాకు గుర్తుంది. కోపంలో చేశాను, ఇప్పుడు భయమేస్తోంది. హర్షిణి లేకపోతే నాకీ జిమ్మూ వద్దు, కుర్చీ వద్దు. నా తరఫున ఆమెతో ఒక్క మాట చెప్పు.

ఇట్లు,
ఏమవుతానో తెలియని,
రాకేష్.

తా.క.: నీలం చొక్కా తిరిగి ఇచ్చేశాను. నా పేరు విప్పేసి వేరేవాళ్ల పేరు కుడతారట. అది మాత్రం తట్టుకోలేకపోయాను.

*

బొంతపల్లి.

రాకేష్ బావకు, హర్షిణి ఎవరూ చెప్పకుండా తానే రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి వినిపించగానే నాన్న మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు. అప్పుడిక దాచి లాభం లేదని చెప్పేశాను. నీకూ చెప్తున్నాను. శాలువా కప్పిన ఆ ఖాళీ కుర్చీ నాదే.

బడీ లేదు, డ్రిల్లూ లేదు. ఎక్కడా పని దొరకని ఆమె అని నువ్వు రాసింది చదివి, నన్నే అన్నావనిపించి, పోయి అడిగాను. ఇంట్లో కాంట్రాక్టు మాటే ఎత్తకూడదు కాబట్టి బడి అన్నాను. నీ ఉత్తరాలు చదువుతూ నవ్వు ఆపుకోలేక చచ్చాను. కానీ ఒకటి విను. నేనూ కుళ్లుకున్నాను. కొక్కేనికి వేలాడే నీ చొక్కా మీద నీ పేరు రోజూ చూసేదాన్ని. నేను జ్వరంతో పడుకుంటే నా వాటా పోయింది. నీకు జ్వరమొస్తే సెలవు, మందులు, పైగా పరామర్శ. పూతరేకులతో ఇల్లు గడవదు బావా.

నువ్వు వదిలేశావని కమలాకుమారి గారు చెప్పగానే ఆ పోస్టు అడిగాను. ఇచ్చారు. ఇక ఆడవాళ్లకూ నేనే, జిమ్ బాధ్యతా నాదే. మగవాళ్లకు నువ్వు, కాంట్రాక్టు మీద.

నాన్న లేచి కూర్చుని ఆర్డరు చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు కనబడకపోయినా ముద్ర ఎక్కడుందో వేలితో తడిమి చూశాడు. తర్వాత, "నా ఇంట్ల ఒక్కలన్న పర్మనెంట్ ఉండాలన్న. గా ఒక్కలు అల్లుడే కావాలని నేనెప్పుడన్న?" అన్నాడు. అన్నం పెట్టమన్నాడు. ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని పాత ఫ్యాక్టరీ గేటు ముందున్న చాయ్ హోటల్‌కు పోయాడు.

లగ్గం శ్రావణంలోనే.

నీ,
హర్షిణి (పర్మనెంట్).

తా.క.: చొక్కా నాకే ఇచ్చారు. నీ పేరు విప్పనివ్వలేదు, కింద నాది కుట్టించుకున్నాను.

మరో తా.క.: పోస్టాఫీసు బాగుపడలేదు. ఉత్తరాలు వాచ్‌మన్‌కు ఇచ్చింది నేనే.

ఇంకొక్క తా.క.: కాంట్రాక్టు కాబట్టి బాపిరాజు గారు నిన్ను అడగాలే గానీ చెప్పకూడదట. నాకు అలాంటి రూలేం లేదు. సోమవారం పొద్దున్నే వచ్చి అద్దాలు తుడువు.