సౌదీ హాయిల్‌ల నీ సంతాప సభ

శీనన్నా,

నిన్న సాయంత్రం ఇంజనీరు సారు ఇంట్ల నీ పేరు మీద సాహిత్య సభ పెట్టిండ్రు. పోయినేడు నీ కవిత సగంల ఆపి "బిర్యానీ చల్లారుతుంది" అన్న సారే, నిన్న అదే కవిత మొత్తం చదివి ఏడ్చిండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నీ ఫొటోకు శాలువా కప్పిండ్రు.

నేను లేచిన. "అన్నను ఇంటికి పంపాలంటే మమ్ముల పనికి పెట్టుకున్న తోట కఫీల్ సంతకం కావాలె. నాకు అరబ్బీ సరిగ రాదు. రేపు ఎవరన్న నాతోటి వస్తరా?"

"ఇది సాహిత్య సభ తమ్మీ," అన్నడు సారు. బిర్యానీ వడ్డించిండ్రు, వేడివేడిగ.

వచ్చేటప్పుడు "ఆ శాలువన్న ఇయ్యుండ్రి, మార్చురీల అన్నకు కప్పుత," అన్న నేను. నువ్వు చలికి ఆగవు గద.

"వచ్చే సభకు కావాలె," అని మడత పెట్టుకున్నరు.