అప్పన్న మేస్త్రీ లోపలికి వంచిన కొనలు

అప్పన్నా,

మా వరండా కట్టేటప్పుడు, స్తంభంలో ఇనుప రింగుల కొనలు లోపలికి వంచడం నువ్వు పనిచేసొచ్చిన దుబాయి రూలన్నావు. తప్పు. మన దేశపు కట్టడాల రూల్సు పుస్తకంలోనూ ఉందట. అక్కడ పాటిస్తారు, ఇక్కడ అటకెక్కించారు. ఇంజినీరైన నా మనవరాలు ఈమధ్యే చెప్పింది.

ఆరోజు "ఇది పలాస, దుబాయి కాదు. వంచకు" అన్నాను.

"బూమి కదిల్తే రింగులిడిపోతాయి, టీచరమ్మా" అన్నావు.

తర్వాత ఇనుము తక్కువైంది. వీధి వీధంతా వినేలా నిన్ను దొంగన్నాను. నువ్వు తాపీ కడుక్కుని వెళ్ళిపోయావు.

ఈరోజు ఆ వరండా కూల్చాం. ప్రతి రింగు కొనా పొడుగ్గా లోపలికే వంగి ఉంది. తక్కువైన ఇనుమంతా అక్కడే ఉంది. ఊరందరికీ లెక్కలు నేర్పిన నాకు అది తట్టలేదు.

నువ్వు పోయావని తెలిసినా పలకరింపుకి వెళ్ళలేదు. రేపు మీ ఊరు సుమ్మాదేవిలో మీ ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. ఈలోగా ఆమె కల్లోకి వెళ్ళి తలుపు తియ్యమని చెప్పు. కుక్కను కట్టెయ్యమను.