చేతికివ్వని కత్తెర

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

వెంకటాచలం హైవే పక్కన ఇందిరమ్మగారి కొత్త హోటల్. వంటగది పొగ బయటికి పోయే డక్ట్ పని మాది. ఆదివారం ఓపెనింగ్. ఓబయ్యా నేనూ తొమ్మిదేళ్లుగా కలిసి రేకు కోస్తున్నాము. వంపు తిప్పడంలో అతని చేతికి సాటి లేదు.

ఈరోజు నిచ్చెన మీద నుంచి కత్తెర అడిగితే అందించలేదు. నేల మీద పెట్టి, వెనక్కి జరిగి, దిగి తీసుకో తహీర్ భాయ్ అన్నాడు. కత్తెర చేతి నుంచి చేతికి ఇస్తే కొట్లాట వస్తుందట. పోయిన నెల సొంత తమ్ముడి చేతికి ఇచ్చినాడట. ఆ సాయంత్రమే పొలం గట్టు కాడ గొడవ. ఈరోజుకీ మాటల్లేవట. వాడు దూరమైనాడు, నువ్వు కూడా దూరమైతే నేనెవరితో పని చేసేది భాయ్ అన్నాడు.

నేను నవ్వలేదు. దిగాను.

ఫిబ్రవరి 4

రేకు కత్తెరలు మూడు. పసుపు పిడిది తిన్నగా కోస్తుంది, ఎర్రది ఎడమకు, ఆకుపచ్చది కుడికి తిరుగుతుంది. మూడూ నడుముకు కట్టుకోరాదా అని ఇందిరమ్మగారు అడిగారు. అవీ నా పొట్టా కలిసి డక్టుకూ గోడకూ మధ్య సందులో పట్టవు.

ఇంట్లో నా భార్య నిషాత్‌కు చెప్పాను. ఓబయ్య మాట నిజమేనని, ఉప్పు నా చేతికివ్వకుండా కంచం పక్కన పెట్టింది.

ఫిబ్రవరి 5

మిగిలిన రేకుతో చిన్న ట్రే చేసి నిచ్చెనకు తగిలించాను. వేళ్లు తెగకుండా అంచులు మడిచాను. అతను అందులో పెట్టాలి, నేను తీసుకోవాలి. ఓబయ్య చాలాసేపు పరిశీలించి ఒప్పుకున్నాడు. ఒకసారి నా చెయ్యి ట్రేను తాకుతుండగా పెట్టాడట. అది చెల్లదని తీసి మళ్లీ పెట్టాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

డక్ట్ పక్కన రంధ్రం కోశాను. ముక్క లోపల పడింది. తీద్దామని కుడి చెయ్యి భుజం దాకా దూర్చాను. సరిగా తెగని రేకు నాలుక ఒకటి చొక్కా చేతిని పట్టుకుంది. లాగితే ఒంట్లోకి దిగుతుంది. దాన్ని కోయాలంటే నా ఎడమ చెయ్యి ఒక్కటే అందుతుంది. ట్రే అవతలి పక్కన ఉంది.

ఓబయ్య రెండో నిచ్చెన ఎక్కాడు. ట్రే వైపు చూశాడు. నేలకేసి చూశాడు. నా మొహం చూశాడు. కళ్లు మూసుకుని, పిడి నా వైపు తిప్పి, కత్తెర చేతిలో పెట్టాడు.

ఎర్రది. కావలసింది ఆకుపచ్చది.

తిరిగి అతని చేతికే ఇచ్చాను. ఆకుపచ్చది తెచ్చి ఇచ్చాడు. బయటపడిన సంతోషంలో దాన్నీ అతని చేతికే ఇచ్చేశాను.

చొక్కా చిరిగింది, చర్మం దక్కింది. ఓబయ్య మాత్రం చెమటలు కక్కుతూ, ఒకసారి కాదు, నాలుగుసార్లు భాయ్ అన్నాడు.

ఫిబ్రవరి 8

కొట్లాట కోసం ఎదురుచూస్తున్నాము. అతను మలైకాజా మిఠాయి తెచ్చాడు. రివెట్ ముందు మీరు కొట్టండని నేను, లేదు నువ్వే కొట్టు భాయ్ అని అతను. ఇందిరమ్మగారు వచ్చి, వియ్యంకుల మాదిరి ఏందయ్యా ఈ మర్యాదలు, రేపు పొగంతా మీరిద్దరూ మింగుతారా అన్నారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొగ తిన్నగా పైకి పోయింది. టీ తాగుతూ ఓబయ్యకు వివరించాను: కత్తెర రెండుసార్లు నాకు వచ్చింది, రెండుసార్లూ ఇచ్చిన చేతికే తిరిగి వెళ్లింది, కనుక చెల్లుకు చెల్లు. అదెట్లా చెల్లుద్ది, నాలుగు కొట్లాటలు ఉండాయి అన్నాడు. చెల్లుతుందన్నాను. చెల్లదన్నాడు. గొంతులు లేచాయి. ఓపెనింగ్ పూట ఏందయ్యా ఈ కొట్లాట అంటూ ఇందిరమ్మగారు బయటికొచ్చారు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాము.

కాసేపటికి ఓబయ్య మెల్లగా అడిగాడు, ఇచ్చినోడి చేతికే కత్తెర తిరిగొస్తే నిజంగా చెల్లిపోద్దా భాయ్ అని. కొలిచి చూడనిది నేను ఏనాడూ చెప్పలేదు. చెల్లిపోతుందని చెప్పాను.

ఫిబ్రవరి 10

ఓబయ్య పనికి రాలేదు. తమ్ముడి గడప ముందు చెయ్యి చాపి నిలబడ్డాడట. తమ్ముడు లోపల ఆ కత్తెర వెతుకుతున్నాడట.