నల్ల సిరా కింద ఆరుంబావు

4 మార్చి

యూనిఫాం వేసుకున్నాను కాబట్టి నేనూ సైనికురాలినే. తుపాకీ లేదు. ఒక సిరాబుడ్డి, ఒక వెడల్పాటి కుంచె. సైనికులు ఇళ్ళకి రాసే ఉత్తరాల్లో ఊరి పేరు, తేదీ, గంట ఏది కనిపించినా నల్లగా కొట్టేయాలి. ఇళ్ళ నుంచి వచ్చేవీ మా బల్లల మీదుగానే పోతాయి. ఫిలాసఫీలో ఎం.ఏ. చేసింది ఇందుకేనా తల్లీ అని అమ్మ అడిగింది. పన్నెండేళ్ళ నా కూతుర్ని సాకుతోంది కాబట్టి ఎన్నైనా అడగొచ్చు.

7 మార్చి

ముప్ఫై ఎనిమిది ఉత్తరాలు. అందరూ క్షేమమే. అందరూ అబద్ధాలకోర్లే.

ఒక్కడు తప్ప. యుద్ధానికి ముందు దర్జీ అట. భయమేస్తోందని పెళ్ళానికి దాచకుండా రాశాడు. రోజూ సాయంత్రం ఆరుంబావుకి కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడట. నువ్వూ పాపా కూడా సరిగ్గా అప్పుడే మూసుకోండే, ముగ్గురం ఒక్కసారే అడిగితే ఆయన వినకుండా ఎక్కడికి పోతాడో నేనూ చూస్తా, అన్నాడు.

ఆరుంబావు మీద కుంచె పెట్టాను.

9 మార్చి

ఉండబట్టలేక కెప్టెన్‌ని అడిగాను. ఆయనకి మేం పెట్టుకున్న పేరు కత్తెర. అది కాపలా మారే వేళ మేడమ్, ఉత్తరం అవతలివాళ్ళ చేతిలో పడితే సరిగ్గా ఆ టైముకే బాంబేస్తారు, అన్నాడు. అయినా దేవుడికి టైమెందుకు, ఆయనేమన్నా డ్యూటీకొస్తాడా అని నవ్వాడు. నేనూ నవ్వాను. దేవుణ్ణి నమ్మని మనిషిని, నవ్వితే తప్పేముంది? మరి మధ్యాహ్నం అన్నం ఎందుకు సహించలేదు?

20 మార్చి

దర్జీ భార్య జవాబు వచ్చింది. ఏమయ్యా, గంట చెప్తానని మసి పంపించావేంటి అని మొదలు. వెలుతురుకి ఎత్తి చూశారట, వెనక్కి తిప్పి చూశారట. పాప అయిదంది, తను ఏడంది, ఇద్దరూ పోట్లాడుకున్నారు. చివరికి గంటగంటకీ కళ్ళు మూసుకుంటున్నారు. నిన్న కూర మాడిందట. దేవుడి సంగతి సరే, నువ్వక్కడ ఒంటరిగా అడుగుతున్నావేమోనని నాకు దిగులు, అంది.

అయిదు, ఏడు కూడా గంటలే. కొట్టేశాను.

22 మార్చి

నా కూతురి ఉత్తరం పక్క బల్ల మీదుగా వచ్చింది. పరీక్షలెప్పుడో కొట్టేసి ఉంది. సారీ అక్కా, రూలు కదా అన్నాడు పక్కాయన.

1 ఏప్రిల్

దర్జీ తెలివైనవాడే. ఈసారి గంట రాయలేదు. మన పాప పుట్టిన వేళకి, అని రాశాడు.

గుట్టుగా రాసిన గుర్తులు కూడా కొట్టేయాలి. కానీ ఆ వేళ వాళ్ళిద్దరికి తప్ప ఎవరికి తెలుసు? శత్రువుకి తెలియదు. కత్తెరకి తెలియదు. నాకు తెలుసు. లాజిక్‌లో డిస్టింక్షన్ వచ్చింది నాకు. అటూ వాదించుకున్నాను, ఇటూ వాదించుకున్నాను, ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను.

3 ఏప్రిల్

ఇంకా సొరుగులోనే.

5 ఏప్రిల్

సిరా తగలకుండా పంపేశాను. దేశద్రోహమో, దయో, తేల్చుకోలేకపోయాను.

7 ఏప్రిల్

మృతుల జాబితా వచ్చింది. దర్జీ మూడో తారీఖున పోయాడు. బాంబు మధ్యాహ్నం రెండింటికి పడింది. కాపలా మారే వేళ కాదు. ఎవరూ గడియారం చూసి వేయలేదు.

ఆ రోజు అతని ఉత్తరం నా సొరుగులో ఉంది.

18 ఏప్రిల్

ఇంటికి కబురు ఇంకా చేరనట్టుంది. భార్య అతనికే రాసింది. తెలిసిపోయిందిలే మహానుభావా, అంది. మంత్రసాని గడియారం చూసి గట్టిగా అరిచి చెప్పడం ఇంకా చెవుల్లో ఉందట. పాప అలారం పెట్టిందట. ఇకనుంచి ముగ్గురం ఒక్కసారే, నువ్వు మాత్రం ఆలస్యం చేశావో చూడు, అంది.

ఇలాంటివాటి మీద చిరునామాదారు లేరు అని ముద్ర వేసి తిప్పి పంపాలి. వేశాను. ఈసారి సొరుగు తెరవలేదు, వాదించుకోనూ లేదు. అదే అసహ్యంగా ఉంది.

19 ఏప్రిల్, సాయంత్రం ఆరుంబావు

నమ్మకం లేదు. కళ్ళు మూసుకున్నాను. ముగ్గురు ఉండాలన్నాడు.