నాయనకు చెప్పేశాను

గురువారం, ధర్మవరం

ఈరోజు పెనుకొండ వెళ్లి నాయనకు చెప్పేశాను. చీరల షాపు మూసేసి మూడు నెలలైందనీ, మళ్లీ మగ్గం మీదే కూర్చుంటున్నాననీ. షాపు బోర్డు మీద తన పేరు రాయించినప్పుడు ఊరంతా తిరిగి చెప్పుకున్న మనిషి ఆయన. తిడతాడనుకున్నాను.

ఆయన మాత్రం, "రాత్రిళ్లు నిద్ర పడతాండాదా?" అన్నాడు.

"పడతాండాది నాయనా. షాపు ఉన్నన్నాళ్లూ పట్టలేదు."

"మరి మూడు నెలలు ఎందుకు దాచిపెట్నావప్పా?"

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. ఏడ్చాక ఒళ్లంతా తేలికైంది. బావమరిది మాత్రం నన్ను ఓడిపోయినవాడి కిందే లెక్కేస్తాడేమో... వేసుకోనీ. పొద్దున్నే కొత్త చీర మొదలుపెట్టాలి. అంచు రంగు ఈసారి నేనే ఎంచుకున్నాను.