పతకం వెనక ఏం చెక్కమంటావు?

చిరంజీవి బావమరిదికి మీ బావ దీవించి రాసేది.

మీ పురస్కారాల విభాగం పంపిన పెట్టె అందింది. అందులో పతకం ఉంది, పతకంతో పాటు నీ చీటీ ఉంది. పై నెలలో వస్తున్న పరదేశపు సేనాధిపతికి మన దేశం ఇచ్చే గౌరవ పతకమని, వెనకవైపు చెక్కి పంపమని రాశావు. ఆయన పేరు చెక్కేశాను. పేరు కింద, ఆయన ఏ పని చేసినందుకు ఇస్తున్నామో ఒక్క వాక్యం ఉండాలి. అది మీ నియమమే, నాది కాదు. సభలో మంత్రిగారు చదివేది కూడా ఆ వాక్యాన్నే. నీ చీటీలో ఆ చోట మూడు చుక్కలు పెట్టి వదిలేశావు.

ఇరవై ఆరేళ్లుగా ఈ కిటికీ పక్క బల్ల మీదే చెక్కుతున్నాను. చుక్కలు ఎప్పుడూ చెక్కలేదు. ఆయన ఏం చేశాడో కనుక్కుని రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క.: మా చెల్లెలి ఫైలు మీ బీరువాలో పడి తొమ్మిదేళ్లయింది. దానికి వాక్యం ఉంది, పతకం లేదు. ఈయనకి పతకం ఉంది, వాక్యం లేదు. నీకేమీ అనిపించడం లేదా?

*

గౌరవనీయులైన బావగారికి నమస్కరించి రాయునది.

కోప్పడకండి. ఇలాంటి వాటికి ఒక వరస ఉంటుంది. ముందు ఆయన పర్యటన ఖాయమైంది. తర్వాత పతకం ఖాయమైంది. ఆయన ఏం చేశారన్నది ఇంకా పరిశీలనలో ఉంది. పోయిన ఏడు వాళ్లు మన సేనాధిపతికి పతకం ఇచ్చారు కాబట్టి ఇప్పుడు మనం ఇవ్వకపోతే బాగుండదు. మన ఆయన ఏం చేశారని వాళ్లు ఇచ్చారో వాకబు చేశాం. వాళ్లూ ఆ మాటే మనల్ని అడుగుతున్నారు.

కాస్త ఓపిక పట్టండి. అక్కకి నా నమస్కారాలు.

మీ విధేయుడు,
బావమరిది, సూపరింటెండెంటు

తా.క.: వదినగారి ఫైలు నా చేతుల్లో లేదు. కళ్లతో చూసిన సాక్షులు ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ దొరికిన రోజున నేనే స్వయంగా సంతకం పెట్టిస్తాను.

*

సూపరింటెండెంటు గారికి,

బావమరిది అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

సాక్షులు కావాలా నీకు? మా చెల్లెలు ఏ వార్డులో ఆయానో నీకు తెలుసు. కంటి వార్డు. నిప్పంటుకున్న రోజున ఆ మూడో అంతస్తులో పంతొమ్మిది మంది రోగులున్నారు. అందరికీ ముందురోజే ఆపరేషన్లయ్యాయి, అందరి కళ్లకీ కట్లున్నాయి. డాక్టర్లు కింద ఉన్నారు, లిఫ్టు ఆగిపోయింది. మా చెల్లెలు కింది నుంచి పైకెక్కి, మంచాల మీద దుప్పట్లు లాగి ఒకదానికొకటి ముడేసి, ఆ దుప్పటి వాళ్ల చేతికిచ్చి, పొగలో మెట్లు దింపింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు ఎక్కి దిగింది. కాలిన తలుపు గొళ్లెం పట్టుకున్న కుడి అరచేయి ఈ రోజుకీ పూర్తిగా ముడుచుకోదు.

ఆ పంతొమ్మిది మందీ మీకు అర్జీలు రాశారు. మీరేమన్నారు? వాళ్లు విన్నారే గాని చూడలేదు కాబట్టి సాక్ష్యం చెల్లదన్నారు. కళ్లకి కట్టు కట్టుకున్నవాడు ఎలా చూస్తాడురా? దాన్ని మెట్ల మీద ఆగి, అందరి కట్లూ విప్పి, తన మొహం ఒకసారి చూపించి మళ్లీ కట్టమంటావా?

నీ సేనాధిపతి ఫొటో పేపర్లో చూశాను. భుజం నుంచి బెల్టు దాకా పతకాలే. ఇంకోటి ఎక్కడ తగిలిస్తారో, పంట్లాంకి తగిలిస్తారా?

మీ అక్క మొగుడు

తా.క.: మీ అక్క అడుగుతోంది, ఆయన యుద్ధాలు చేశాడంటున్నారు, అవి మనతోనా, వేరేవాళ్లతోనా అని. కనుక్కుంటే మంచిదేమో.

*

బావగారికి నమస్కారాలు.

అక్క అడిగిన సందేహం పైకి పంపాను. జవాబు రాలేదు, నన్ను మాత్రం పిలిచి చివాట్లు పెట్టారు.

వాక్యం గురించి కమిటీ రెండు పూటలు కూర్చుంది. ‘స్నేహానికి’ అందామంటే ఆ మాట కిందటివారం వచ్చిన ఓడల అధిపతికి ఇచ్చేశాం. ‘శాంతికి’ అందామంటే ఆయన ప్రస్తుతం ఒక యుద్ధం మధ్యలో ఉన్నారు, సెలవు పెట్టి వస్తున్నారు. ‘ధైర్యానికి’ అంటే ఏ ధైర్యమని ఎవరైనా అడగొచ్చు. కాబట్టి కమిటీ తీర్మానం ఏమిటంటే, అనుభవజ్ఞులైన మీరే ఏదైనా ఒక మంచి పని చూసి చెక్కేయండి. ముప్పై అక్షరాలు దాటకూడదు. మేం అక్షరాలు లెక్కపెట్టుకుంటాం.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: మరీ ఆలోచించకండి, గురువారానికి చేరాలి. ఆలోచించాల్సిన పనులన్నీ మేం చేసేశాం.

*

చిరంజీవి బావమరిదికి,

పతకం పంపుతున్నాను. ఏదైనా ఒక మంచి పని అన్నావు. నాకు దగ్గరగా తెలిసిన మంచి పని ఒక్కటే ఉంది, అదే చెక్కాను: ‘పంతొమ్మిది మంది కంటి రోగులను మంటల్లోంచి దింపినందుకు.’ లెక్కపెట్టుకో.

మీలో ఒక్కడైనా చదువుతాడు, సిగ్గుపడి వెనక్కి పంపిస్తాడు, అప్పుడు నేను స్వయంగా వచ్చి మీ ఆఫీసు గుమ్మంలో నిలబడి అడగాల్సింది అడుగుతాను. అందుకు చొక్కా కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఆ చొక్కా చూసి, ఎక్కడికి ప్రయాణమని మీ అక్క అడిగింది. మీ తమ్ముణ్ణి తిట్టడానికన్నాను. అయితే తల కూడా దువ్వుకెళ్లమంది.

*

పూజ్యులైన బావగారికి,

మీ చేతికి మొక్కాలి. వాక్యం ఇరవై ఒక్క అక్షరాలు, నిబంధనలకు లోబడే ఉంది. సభ దివ్యంగా జరిగింది. మంత్రిగారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. దుబాసీ సేనాధిపతి చెవిలో చెప్పాడు. ఆయన పతకం తిప్పి వెనకవైపు చూశారు. తర్వాత తలెత్తి, ‘ఆ రోజున ఒక సైనికుడు చెయ్యవలసిందే చేశాను’ అన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ల దేశంలో ఒక కంటి ఆసుపత్రికి ఆయన పేరు పెడుతున్నారట.

ఇంకో సంగతి. ఒక పనికి ఒకే పతకం అన్నది మా నియమం. ఆ పనికి ఇచ్చేసినట్టయింది గనుక వదినగారి ఫైలు మూసేశాం. తొమ్మిదేళ్ల పెండింగు వదిలింది.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: ఫైలు మూసినందుకు మా విభాగానికి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనక ఏమీ చెక్కనక్కర్లేదు.

*

ఒరే,

తప్పు నాదే. మీకు సిగ్గుంటుందనుకోవడం నా తప్పు. ఆ మాట నా చేత్తో చెక్కి, నా చెల్లెలు చేసింది పట్టుకెళ్లి ఎవడి ఛాతీకో నేనే తగిలించాను. నాలుగు రోజులుగా ఉలి పట్టుకోలేదు. చెల్లెలికి ఎలా చెప్పాలో తెలియక, దాని ఇల్లున్న వీధి తప్పించి చుట్టూ తిరిగి వస్తున్నాను.

నువ్వు మా ఇంటికి రావద్దు.

తా.క.: మీ అక్క కూడా రావద్దంటోంది. నేను చెప్పమనలేదు, తనే అంది.

*

బావగారికి,

రావద్దన్నారు కాబట్టి రాస్తున్నాను. నా కుర్చీలో మీరొకసారి కూర్చుంటే నా బాధ తెలుస్తుంది. అయినా, నాకూ రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

సేనాధిపతిగారి పతకం గెజిట్‌లో అచ్చవ్వాలంటే ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం కావాలని తనిఖీవాళ్లు అడ్డం పడ్డారు. విదేశీ అతిథులకి ఒక్క సాక్షి చాలు. పాత ఫైలు తీసి చూశాం. ఆ రోజున ఆ అంతస్తులో కళ్లకి కట్టు లేని మనిషి వదినగారొక్కరే. దయచేసి ఆవిడ చేత జతచేసిన ఫారం నింపించి పంపండి. అందులో రాసిన ప్రతి అక్షరం ఉన్నదున్నట్టు గెజిట్‌లో పడుతుంది. ఒక ప్రతి ఆయన దేశానికి, ఒక ప్రతి ఆ కంటి ఆసుపత్రి గోడకి వెళుతుంది. మార్చే అధికారం మంత్రిగారికి కూడా లేదు.

బావమరిది

తా.క.: ఈ చివరి మూడు వాక్యాలు రాయమని నాకు పైనుంచి ఎవరూ చెప్పలేదు.

*

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, చెల్లెలికి కబురు పెట్టాను. డ్యూటీ దిగి వచ్చింది. జరిగిందంతా చెప్పాను. చేతులు కడుక్కుని నా బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపింది. ఆ అరచేత్తో కలం జారుతుంటే నేను రాసిపెడతానన్నాను. ఇప్పటికే ఒకసారి రాశావుగా అంది.

ఫారం పంపుతున్నాను. ఏం చూశారన్న గడిలో ఇలా రాసింది: ‘మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లు దిగాను. పంతొమ్మిది మందీ నా వెనక దుప్పటి పట్టుకుని వచ్చారు. మలుపు మలుపుకీ ఆగి లెక్కపెట్టాను. ఈ పెద్దమనిషి నాకు ఏ మెట్టు మీదా కనపడలేదు.’

అచ్చు వేయించు. ఆదివారం నువ్వు రావచ్చు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా’ అనే గడి ఖాళీగా వదిలేయమన్నాను. వినలేదు. అందులో రాసింది: ‘ఆయన అక్కడ ఉండి ఉంటే ఆయన్నీ దింపేదాన్ని.’